మధ్య ఇంజిను స్పోర్ట్స్ కారు మళ్లీ మళ్లీ వేడెక్కడం: కారణం వెతికిన ప్రాజెక్టు డైరీ

ఇది ఇంజిను సీట్ల వెనుక, రేడియేటరు ముందు బంపరు లోపల ఉండే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. నాలుగు సిలిండర్లు, టర్బో లేదు, పోత ఇనుము బ్లాకు (సిలిండర్లు ఉండే భాగం) మీద అల్యూమినియం హెడ్ (వాటిని పైనుంచి మూసే భాగం). ఇంజినుకూ రేడియేటరుకూ మధ్య కూలెంటు (ఇంజినును చల్లార్చే ద్రవం) రెండు పొడవాటి పైపుల్లో కారు అడుగు గుండా వెళ్లి రావాలి. ఈ అమరిక ఉన్న ఏ కారుకైనా ఇక్కడి పద్ధతి పనికివస్తుంది. అంకెలు మాత్రం ఈ ఒక్క కారువి కాబట్టి బోల్టుల బిగింపు, అరుగుదల పరిమితుల వంటివి ఎవరి కారు మాన్యువల్ నుంచి వారే తీసుకోవాలి.

లక్షణాలు ఇవి. మామూలు రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ఎత్తు రోడ్డు మీద మూడో గేరులో చాలాసేపు లాగిస్తే ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీత వైపు కదులుతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కూడా అప్పుడప్పుడు పైకి వెళ్తుంది. కూలెంటు నింపి, గాలి తీస్తే కొంతకాలం బాగుండి, తర్వాత జబ్బు తిరిగి వస్తుంది. ఈ డైరీ మొదలయ్యే నాటికే థర్మోస్టాటు (వేడెక్కాక కూలెంటుకు రేడియేటరు దారి తెరిచే కవాటం), రేడియేటరు, వాటర్ పంపు, ట్యాంకు మూత మార్చి ఉన్నాయి. నాలుగూ కొత్తవే అయినా జబ్బు కదలలేదు. అందుకని, ఫలానా భాగం చెడిందని ఒక కొలత చూపిస్తే తప్ప కొత్త భాగం కొనకూడదన్న నియమంతో పని మొదలైంది.

దశ 1: ముల్లుకు బదులు థర్మామీటర్లు

డ్యాష్‌బోర్డులోని ముల్లు కొలత పరికరం కాదు. చాలా కార్లలో సుమారు 75 నుంచి 105 డిగ్రీల వరకు ముల్లు నడిమధ్యనే నిలిచేలా తయారీదారులే అమరుస్తారు. అది కదిలే సరికి నష్టం దగ్గర పడి ఉంటుంది. ఓబీడీ సాకెట్టు (కారు లోపాలు చదివే పరికరం కలిపే చోటు) ద్వారా ఇంజిను కంప్యూటరు చదివే ఉష్ణోగ్రత దీనికంటే నమ్మదగినది, కానీ అది హెడ్ దగ్గరి ఒక్క చోటి సంగతే చెబుతుంది. ఈ కారులో రేడియేటరు అక్కడికి రెండు మీటర్లకు పైగా దూరంలో ఉంది.

1. రేడియేటరులోకి వెళ్లే పైపు మీద, బయటికి వచ్చే పైపు మీద కె రకం థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ సెన్సరు) చెరొకటి. రెండూ లోహపు గొట్టానికి ఆనేలా కట్టి, పైన నురుగు పట్టీ చుట్టాలి.
2. బయటి గాలి ఉష్ణోగ్రత కోసం ముందు బంపరు కింద, నీడలో, మూడోది.
3. మూడింటినీ కట్టే ముందు మరిగే నీటిలో ముంచి, ఒకదానికొకటి ఎంత తేడా చూపుతున్నాయో రాసుకోవాలి. ఇక్కడ ఒకటి 1.5 డిగ్రీలు ఎక్కువ చూపింది. ఆ మేరకు దాని కొలతలన్నింటిలోంచి తీసేయడం జరిగింది.

తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఈ పనికి పెద్దగా పనికిరాదు. మెరిసే అల్యూమినియం తన వేడిని చాలా తక్కువగా వెలువరిస్తుంది కాబట్టి, కాలుతున్న పైపును కూడా అది గోరువెచ్చగా చూపుతుంది. తప్పనిసరైతే కొలిచే చోట నల్లటి టేపు అంటించి దాని మీద గురిపెట్టాలి.

రెండు అంకెల మీద ఈ డైరీ అంతా నడుస్తుంది. మొదటిది “తేడా”: రేడియేటరులోకి వెళ్లే కూలెంటుకూ, బయటికి వచ్చే కూలెంటుకూ మధ్య ఉన్న డిగ్రీలు. రెండవది “మిగులు”: లోపలికి వెళ్లే కూలెంటు బయటి గాలి కంటే ఎన్ని డిగ్రీలు వేడిగా ఉందో ఆ అంకె. ఒకే వేగంతో, ఒకే గేరులో, ఒకే ఎత్తు రోడ్డు మీద ఇంజిను కూలెంటులోకి పంపే వేడి దాదాపు మారదు. అలాంటప్పుడు తేడా పెరిగితే కూలెంటు ప్రవాహం తగ్గిందని అర్థం; తేడా మారకుండా మిగులు పెరిగితే రేడియేటరు గాలికి వేడిని ఇవ్వలేకపోతోందని అర్థం. మిగులు వాడటంలో మరో సౌకర్యం ఉంది: ఎండ రోజు కొలతనూ, చల్లని రోజు కొలతనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అయితే థర్మోస్టాటు పూర్తిగా తెరుచుకున్న తర్వాతే మిగులుకు విలువ ఉంటుంది. వేడి నీటి గిన్నెలో వేలాడదీసి చూస్తే ఈ థర్మోస్టాటు 83 డిగ్రీల దగ్గర కదలడం మొదలుపెట్టి, 95 దగ్గర 8.5 మిల్లీమీటర్లు తెరుచుకుంది. దానిలో లోపం లేదు.

మొదటి కొండ కొలత: గాలి 31, రేడియేటరులోకి 109, ఇంకా పెరుగుతుండగా ఆపడమైంది.

లెక్క: అదనంగా పోసిన కూలెంటు 0.9 లీటర్లు. కొండ మీద మిగులు 78, నిలకడ లేదు. దొరికిన దోషాలు ఏమీ లేవు.

దశ 2: ఆగి ఉన్నప్పటి వేడి

ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, పరుగులో చల్లబడితే ముందు ఫ్యానునూ, గాలి దారినీ చూడాలి. ఐడ్లింగ్‌లో (కారు ఆగి, ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు) ఫ్యాను తిరుగుతూనే ఉంది, అయినా లోపలికి వెళ్లే కూలెంటు 101 దాటి మెల్లగా పెరుగుతూ పోయింది. తేడా 4 డిగ్రీలే. ఫ్యాను తిరగడం వేరు, తిరగవలసినంత వేగంగా తిరగడం వేరు కాబట్టి మల్టీమీటరు తీశాను.

1. ఇంజిను, ఫ్యాను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు.
2. ఫ్యాను కనెక్టరు రెండు పిన్నుల మధ్య 11.2 వోల్టులు. దారిలో పోయినవి 2.7.
3. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యాను ప్లస్ వరకు 0.6.
4. ఫ్యాను ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్ వరకు 2.1.

దోషం ఎర్త్ వైపే ఉందని తేలిపోయింది. ముందు చక్రం లోపలి తొడుగు తీసి చూస్తే ఎర్త్ వైరు బిగించిన చోట పెయింటు కింద తుప్పు పట్టి ఉంది. లోహం మెరిసే వరకు గీకి, కొత్త ట్యాగు వేసి, బిగించాక గ్రీజు పూస్తే ఫ్యాను దగ్గరికి 13.3 వోల్టులు చేరాయి. ఈ పరీక్షను ఫ్యాను నడుస్తుండగానే చేయాలి. కరెంటు ప్రవహించనప్పుడు తుప్పు పట్టిన జాయింటు కూడా పూర్తి వోల్టేజీ చూపించి మోసం చేస్తుంది.

తర్వాత గాలి దారి. ఏసీ కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య సందులో ఆకులు, పురుగులు, దుమ్ము కలిసి మందపాటి తెరలా పేరుకున్నాయి. కొత్త రేడియేటరు బిగించినప్పుడు కండెన్సరు వెనుక వైపు ఎవరూ చూడలేదన్నమాట. ఇంజిను వైపు నుంచి ముందుకు, తక్కువ పీడనంతో నీళ్లు కొట్టి కడగాలి. ఎక్కువ పీడనమైతే ఫిన్నులు (రేడియేటరు పలుచని రేకులు) వంగిపోతాయి. రేడియేటరు చుట్టూ ఉండవలసిన నురుగు పట్టీలు కూడా రెండు వైపులా లేవు. గాలి ఎప్పుడూ సులభమైన దారినే వెతుక్కుంటుంది. సందు ఉంటే రేడియేటరును తప్పించుకుని పక్క నుంచి పోతుంది. ఆగి ఉన్నప్పుడైతే ఫ్యాను వెనుకకు నెట్టిన వేడి గాలి అదే సందులోంచి మళ్లీ ముందుకు వస్తుంది. నీరు పీల్చని రకం నురుగు పట్టీ 20 మిల్లీమీటర్ల మందంలో తెచ్చి సందులన్నీ మూయడం జరిగింది.

ఫలితం: ఐడ్లింగ్‌లో ఫ్యాను తిరగడం మొదలవగానే ఉష్ణోగ్రత 94కు దిగి ఆగుతోంది, అప్పటి తేడా 7. ట్రాఫిక్ సమస్య ఇక్కడితో ముగిసింది, తర్వాత తిరిగి రాలేదు. కొండ మీద మిగులు 78 నుంచి 73కు తగ్గింది కానీ అక్కడా నిలవలేదు. ఒకే జబ్బుగా కనిపించినవి రెండు వేర్వేరు జబ్బులు.

లెక్క: పోసిన కూలెంటు మొత్తం 1.6 లీటర్లు. దొరికిన దోషాలు మూడు (ఎర్త్ వైరు, మురికి, సందులు).

దశ 3: కొండ మీద తేడా ఎందుకు పెరుగుతోంది

అన్నింటికంటే పనికివచ్చిన కొలత ఇది. అదే ఎత్తు రోడ్డు, మూడో గేరు, నిమిషానికి 4,500 చుట్లు. కొండ మొదట్లో తేడా 9 డిగ్రీలు. పన్నెండు నిమిషాల తర్వాత అదే చుట్ల దగ్గర 16. ఇంజిను ఇచ్చే వేడి మారలేదనుకుంటే ప్రవాహం పదహారింట తొమ్మిది వంతులకు, అంటే మొదట ఉన్నదానిలో 56 శాతానికి పడిపోయింది. పంపు అదే వేగంతో తిరుగుతుండగా ప్రవాహం సగానికి దిగాలంటే కారణాలు కొన్నే ఉంటాయి.

1. పంపు పీల్చే వైపు హోస్ వేడికి మెత్తబడి నొక్కుకుపోవడం. చిన్న కెమెరాను హోస్ వైపు తిప్పి కట్టి చూస్తే, ఎక్కువ చుట్ల దగ్గర కూడా హోస్ గుండ్రంగానే ఉంది.
2. పంపు రెక్కల చక్రం షాఫ్టు మీద జారడం. పంపు విప్పి, షాఫ్టు పట్టుకుని చక్రాన్ని మెలితిప్పితే కదల్లేదు. లోహపు చక్రమే, అరుగుదల కూడా లేదు.
3. కూలెంటులో గాలి గానీ వాయువు గానీ కలవడం. పంపు ద్రవాన్ని నెట్టగలదు కానీ నురుగును నెట్టలేదు.

గాలి, ఇంధనాల మిశ్రమం పలచబడటం (ఇంధనం తగ్గడం), ఇగ్నిషన్ ఆలస్యం కావడం కూడా కూలెంటులోకి వేడిని పెంచుతాయి కాబట్టి వాటినీ చూశాను. ఇంధన సవరణ (ఇంజిను కంప్యూటరు ఇంధనాన్ని పెంచే, తగ్గించే మేర) ప్లస్ లేదా మైనస్ 4 శాతం లోపలే ఉంది, టైమింగ్ మాన్యువల్ ప్రకారమే ఉంది. పైగా ఈ రెండూ వేడిని పెంచుతాయే తప్ప కొండ మధ్యలో ప్రవాహాన్ని తగ్గించవు. మిగిలింది మూడవ కారణం.

దశ 4: గాలి తీయడం

మధ్య ఇంజిను కారులో కూలెంటు నింపడం ఒక ప్రత్యేక విద్య. పైపులు కిందికి దిగి, అడుగున సాగి, మళ్లీ పైకి లేస్తాయి. ఎక్కడ వంపు ఉంటే అక్కడ గాలి బుడగ కూర్చుంటుంది. మొత్తం ఖాళీ చేసి కొలిస్తే 10.6 లీటర్లు వచ్చాయి. మాన్యువల్ చెప్పే సామర్థ్యం 11.5. మాన్యువల్ పద్ధతిలో పైనుంచి పోస్తూ, రేడియేటరు మీదా, హీటరు పైపు మీదా ఉన్న మరలు వదిలి గాలి తీస్తే 9.3 లీటర్లే పట్టింది. ముందు భాగం పైకెత్తి చేసినా ఫలితం అదే.

దాన్ని మళ్లీ ఖాళీ చేసి వాక్యూం పరికరంతో నింపాను.

1. ట్యాంకు మూత చోట పరికరం బిగించి, కంప్రెసరు గాలితో మైనస్ 0.85 బార్ వరకు శూన్యం తీయాలి. హోస్‌లు నొక్కుకుపోవడం చూసి కంగారు పడనక్కరలేదు.
2. పది నిమిషాలు ఆగాలి. ముల్లు పడిపోతే లీకు ఉన్నట్టు. ఇక్కడ కదల్లేదు.
3. కవాటం తిప్పి, బకెట్టులోని కూలెంటును లోపలికి పీల్చుకోనివ్వాలి. గొట్టం చివర ద్రవంలో మునిగే ఉండాలి.

ఈసారి 11.2 లీటర్లు పట్టింది. పైనుంచి పోసిన పద్ధతిలో దాదాపు రెండు లీటర్ల గాలి లోపలే మిగిలిపోతోందని దీనితో తేలింది. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. రిఫ్రాక్టోమీటరుతో (మిశ్రమం పాళ్లు చూపే పరికరం) సరిచూడడం జరిగింది. ఈ మిశ్రమం మామూలు పీడనంలో సుమారు 107 డిగ్రీల దగ్గర, 1.1 బార్ మూత కింద సుమారు 129 దగ్గర మరుగుతుంది. మూత పీడనం నిలిపి ఉంచకపోతే ఆ ఇరవై డిగ్రీల రక్షణా పోతుంది కాబట్టి మూతను చేతి పంపుతో విడిగా పరీక్షిస్తే 1.1 దగ్గరే వదిలింది.

కొండ మీద తేడా మొదటి నుంచి చివరి దాకా 9, మిగులు 68. బాగుపడిందని ఇక్కడే మూసేయవచ్చు, నిజానికి ఇంతకు ముందు జరిగిన మరమ్మతులన్నీ ఇలాంటి చోటే ఆగిపోయాయి. కొద్ది వారాలకే ట్యాంకులో మట్టం తగ్గింది, తేడా 14కు చేరింది. నింపినప్పుడు లేని గాలి తర్వాత వచ్చిందంటే ఎక్కడి నుంచో చేరుతున్నట్టే.

లెక్క: పోసిన కూలెంటు మొత్తం 2.4 లీటర్లు (పూర్తిగా నింపినది కలపలేదు). దోషాలు నాలుగు.

దశ 5: పీడనం చెప్పిన సాక్ష్యం

చల్లని ఇంజిను మీద చేతి పంపుతో 1.1 బార్ ఎక్కించి చూస్తే పీడనం కదల్లేదు. బయటికి లీకు లేదు. అంటే వాయువు రాగలిగే చోటు సిలిండరు ఒక్కటే. దాన్ని కనిపెట్టడానికి అందరూ వాడే పరీక్ష నీలి ద్రవం. ట్యాంకు పైన ఉండే గాలిని బ్రోమోథైమోల్ బ్లూ ద్రవం గుండా పీలిస్తే, అందులో కార్బన్ డయాక్సైడు ఉన్నప్పుడు రంగు నీలం నుంచి పసుపుకు మారుతుంది. ఐడ్లింగ్‌లో చేస్తే రంగు మారలేదు.

ఇక్కడ తొందరపడి గాస్కెట్టు (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య వాయువు, కూలెంటు కలవకుండా ఆపే పలుచని పొర) బాగుందని రాసుకోకూడదు. పూర్తి భారంలో సిలిండరులో పుట్టే గరిష్ఠ పీడనం ఐడ్లింగ్‌లో ఉండేదానికి ఎన్నో రెట్లు. బలంగా నెట్టినప్పుడు మాత్రమే తెరుచుకునే సన్నని దారి ఐడ్లింగ్‌లో మూసుకునే ఉంటుంది. రంగు మారితే లీకు ఉన్నట్టు నమ్మవచ్చు. మారకపోతే ఆ పరిస్థితిలో వాయువు రాలేదని మాత్రమే తెలుస్తుంది.

అందుకని ట్యాంకు ఊపిరి గొట్టంలో టీ జాయింటు వేసి, 0 నుంచి 2 బార్ చదివే ఎలక్ట్రిక్ పీడన సెన్సరు పెట్టి, దాని తీగను లాగరుకు (కొలతలను నమోదు చేసే పరికరం) కలపడం జరిగింది. గొట్టం ద్వారా చదివే గేజిని క్యాబిన్‌లోకి తీసుకురావడం ప్రమాదం. గొట్టం తెగితే మరిగే కూలెంటు మనిషి మీద పడుతుంది.

ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థలో పీడనం ఉష్ణోగ్రతను అనుసరిస్తుంది. వేడెక్కుతూ 90కి చేరినప్పుడు ఎంత ఉందో, కొండ దిగి చల్లబడుతూ 90కి వచ్చినప్పుడూ దాదాపు అంతే ఉండాలి. ఎందుకంటే లోపలి పదార్థం పెరగలేదు, తరగలేదు. ఇక్కడ వచ్చిన అంకెలు:

వేడెక్కుతూ 90 డిగ్రీల దగ్గర: 0.68 బార్.
కొండ మీద 100 డిగ్రీల దగ్గర: 1.10, మూత వదులుతోంది.
చల్లబడుతూ 90 డిగ్రీల దగ్గర: 1.04.
మరునాడు ఉదయం, 27 డిగ్రీల దగ్గర: 0.31.

రాత్రంతా చల్లబడిన ఇంజినులో 0.31 బార్ నిలిచి ఉండటానికి వేడి కారణం కాలేదు. మూత కొంత కూలెంటును బయటికి వదిలింది కాబట్టి ఉదయానికి పీడనం సున్నాకో, దాని కిందికో పోవాలి. పోకుండా మిగిలిందంటే లోపల వాయువు చేరింది. అదే వాయువు కూలెంటును మూత గుండా బయటికి తోస్తోంది, పంపులో చేరి ప్రవాహాన్ని తగ్గిస్తోంది. దశ 3లోని 16 డిగ్రీలకూ, తగ్గుతున్న మట్టానికీ ఒకే కారణం దొరికింది.

నీలి ద్రవాన్ని ఈసారి కొండ ఎక్కిన వెంటనే వాడాను. కార్యక్రమం ఇలా సాగింది: ఇంజిను ఆపి, పీడనం దానంతట అది తగ్గాక, మందపాటి గుడ్డ వేసి మూతను మొదటి మెట్టు వరకే తిప్పి మిగిలిన పీడనం వదలడం; ద్రవం పరికరంలోకి రాకుండా ట్యాంకు మట్టం రెండు అంగుళాలు తగ్గించడం; ఆ తర్వాత పైనున్న గాలిని పీల్చడం. పసుపు వచ్చింది.

లెక్క: పోసిన కూలెంటు మొత్తం 3.5 లీటర్లు.

దశ 6: ఏ సిలిండరు

ఒక్కో సిలిండరును కంప్రెషన్ పై చివరకు (పిస్టను పైకి చేరి, వాల్వులన్నీ మూసుకున్న స్థితి) తెచ్చి, క్రాంకు తిరగకుండా పొడవాటి పిడి స్పానరుతో ఆపి, 7 బార్ గాలి ఎక్కించి ట్యాంకులో చూడాలి. లీకు శాతాలు (ఎక్కించిన గాలిలో తప్పించుకున్న వంతు) నాలుగింటిలోనూ 5 నుంచి 7 మధ్య, అన్నీ మంచివే. శాతం చూసి వదిలేస్తే ఏమీ దొరికేది కాదు. చల్లని ఇంజినులో బుడగలు లేవు. వేడి ఇంజినులో మూడవ సిలిండరుకు గాలి ఎక్కించినప్పుడు మాత్రం ట్యాంకులో కొద్ది సెకన్లకొక సన్నని బుడగ లేచింది.

లెక్క: పోసిన కూలెంటు మొత్తం 3.9 లీటర్లు.

దశ 7: హెడ్ విప్పడం

గాస్కెట్టు పోయిందని తెలిశాక కొత్తది వేయడమే పని అనిపిస్తుంది. అది ఎందుకు పోయిందో తెలియకుండా వేస్తే అదే దారిన కొత్తదీ పోతుంది. హెడ్ బోల్టుల తలల గుర్తులను బట్టి చూస్తే ఈ హెడ్‌ను ఇంతకు ముందే ఒకసారి విప్పి బిగించారు. అందుకే విప్పడంలోనే కొలతలు మొదలుపెట్టాలి.

డిజిటల్ టార్క్ రెంచితో పది బోల్టులనూ మాన్యువల్ వరుసలో విప్పుతూ, ప్రతి ఒక్కటీ ఏ అంకె దగ్గర కదిలిందో రాసుకున్నాను. ఎనిమిది బోల్టులు 92 నుంచి 104 న్యూటన్ మీటర్ల మధ్య కదిలాయి. మూడవ సిలిండరుకు అటూ ఇటూ, ఎగ్జాస్ట్ వైపున్న రెండు మాత్రం 61, 66 దగ్గరే వదిలాయి.

హెడ్ ఎత్తాక గాస్కెట్టులో మూడవ సిలిండరు చుట్టూ ఉన్న లోహపు వలయం నుంచి పక్కనున్న నీటి రంధ్రం దాకా పెన్సిలు గీత అంత సన్నని నల్లటి మసి దారి కనిపించింది. ఉక్కు రూలు, ఫీలర్ గేజితో (సన్నని సందును కొలిచే రేకులు) చూసిన ఉపరితలాల వంపు: హెడ్ పొడవునా 0.03 మిల్లీమీటర్లు, మూల నుంచి మూలకు 0.03, బ్లాకు 0.02. ఈ ఇంజినుకు పరిమితి 0.05. హెడ్ వంగలేదు, చెక్కించే అవసరం లేదు.

మిగిలింది ఆ రెండు బోల్టుల కథ. సన్నని కడ్డీ దించి రంధ్రాల లోతు కొలిస్తే ఎనిమిది 118 మిల్లీమీటర్లు, ఆ రెండు 109. అడుగున తుప్పు, పాత కూలెంటు అవశేషం కలిసి 9 మిల్లీమీటర్ల గట్టి మట్టిగా మారింది. బోల్టు హెడ్‌ను నొక్కక ముందే దాన్ని తాకి ఆగింది. రెంచి సరైన అంకె చూపింది, కానీ ఆ బలం గాస్కెట్టును నొక్కడానికి చేరలేదు. అడుగు మూసుకున్న రంధ్రంలో ద్రవం మిగిలి ఉంటే ఇంకా ప్రమాదం: ద్రవం నలగదు, పోత ఇనుము బ్లాకే పగలవచ్చు.

1. రంధ్రాల మరలను, కొత్త మరలు కోసే ట్యాపుతో కాకుండా, ఉన్న మరలను శుభ్రం చేసే చేజరుతో తిప్పి, మట్టిని వాక్యూంతో తీసి, క్లీనరు కొట్టి, కంప్రెసరు గాలితో ఆరబెట్టాలి. కళ్లద్దాలు తప్పనిసరి.
2. పదింటి లోతునూ మళ్లీ కొలవాలి. ఇప్పుడు అన్నీ 118.
3. ఉపరితలాలను ప్లాస్టిక్ గీకుడు బద్దతో, ద్రావకంతో శుభ్రం చేయాలి. తిరిగే రాపిడి బిళ్లలు వద్దు. అవి అల్యూమినియాన్ని గుంట పెడతాయి, రాలిన పొడి ఆయిలులో కలిసి బేరింగులను తినేస్తుంది.
4. ఈ బోల్టులు సాగే రకం కాబట్టి పదీ కొత్తవి వేయాలి. మాన్యువల్ చెప్పినంత ఆయిలు రాసి, దాని వరుసలోనే మొదట టార్కు, తర్వాత 90 డిగ్రీల కోణం రెండుసార్లు తిప్పాలి.

లెక్క: దోషాలు ఆరు (ఎర్త్ వైరు, మురికి, సందులు, నింపే పద్ధతి, గాస్కెట్టు, బోల్టు రంధ్రాలు). మార్చిన ఇంజిను భాగాలు: గాస్కెట్టు, పది బోల్టులు.

దశ 8: సరిచూడడం

వాక్యూం పద్ధతిలో నింపి, ఒకసారి వేడెక్కించి చల్లార్చాక 0.1 లీటరు పట్టింది. ఆ తర్వాత చుక్క కూడా పోయవలసిన అవసరం రాలేదు; మొత్తం 4.0 లీటర్ల దగ్గర లెక్క ఆగింది.

అదే కొండ, అదే గేరు, అదే చుట్లు:

గాలి 30, రేడియేటరులోకి 96, మిగులు 66, చివరి వరకు నిలకడ.
తేడా మొదట 9, చివర 9.
పీడనం వేడెక్కుతూ 90 దగ్గర 0.66, చల్లబడుతూ 90 దగ్గర 0.67, మరునాడు ఉదయం 0.
కొండ ఎక్కిన వెంటనే నీలి ద్రవం నీలంగానే ఉంది.

పీడన సెన్సరును తీసేయలేదు. ఉదయం పీడనం సున్నా కంటే పైకి లేస్తే ముల్లు కదలడానికి చాలా ముందే సంగతి తెలుస్తుంది. కొండ మీద ఇంజిను ఆయిలు మాత్రం ఇప్పటికీ 124 డిగ్రీలకు వెళ్తోంది. కూలెంటు నిలకడగా ఉంది కాబట్టి అది వేరే లెక్క. తర్వాతి పని ఆయిలు కూలరుకు గాలి అందే దారిని, అక్కడి నురుగు పట్టీలను ఇదే పద్ధతిలో కొలవడం.